విల్లుతో వేట మొదలుపెట్టాలంటే ఎంతవుతుంది? (బెజవాడలో నేర్చుకుని టెక్సస్ వెళ్ళేవాడికి)

బెజవాడ_భార్గవ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్తున్నాను, రెండేళ్ళు అక్కడే. మా బావ అక్కడ ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాడు, ప్రతి ఏడాదీ చలికాలం ముందు విల్లుతో జింకల వేటకి వెళ్తాడు. "నువ్వూ రా, కానీ విల్లు పట్టడం నేర్చుకుని రా" అన్నాడు. నాకు కబడ్డీ తప్ప ఏ ఆటా రాదు.

నా దగ్గర లక్షన్నర దాకా ఉంది. ఆన్‌లైన్‌లో 18 వేలకి కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలుండే రకం) కనిపించింది, "70 పౌండ్లు, వేటకి సిద్ధం" అని రాశారు. ఇక్కడే కొనేసి ప్రాక్టీసు చేసుకుని పట్టుకెళ్ళనా? అసలు మొత్తం ఖర్చు ఎంతవుతుందో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఇంకో మాట. వెళ్ళేలోపు కొండపల్లి వైపో, నల్లమల వైపో పందుల మీద చేయి తిప్పుకునే అవకాశం ఏమైనా ఉంటుందా?

గుంటూరు_మిర్చి | ఆదివారం, రాత్రి 9:31

ఆఖరి లైను చదివి టీ పొలమారింది అబ్బాయ్. పంది మీద బాణం వేసి గొడవలో ఇరుక్కున్న మొదటి మనిషి మీ ఊరి కొండ మీదే ఉన్నాడు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు వేసిన బాణం, కిరాతుడు వేసిన బాణం ఒకే పందికి తగిలాయి, ఆ పంది నాదంటే నాదని కొట్టుకున్నారు. ఆయనకి చివర్లో పాశుపతం దొరికింది. నీకు ఫారెస్టు వాళ్ళు దొరుకుతారు.

తెనాలి_రేంజర్ | ఆదివారం, రాత్రి 10:05

అటవీ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. నవ్వులు తర్వాత, ముందు ఇది వినండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం షెడ్యూల్ 1, 2లో, అంటే చట్టం చివరి జాబితాల్లో ఉన్న ఏ జంతువునూ వేటాడకూడదు. కృష్ణజింక షెడ్యూల్ 1, అడవిపంది షెడ్యూల్ 2. తుపాకీ అయినా, విల్లయినా, ఉచ్చయినా ఒకటే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఎర పెట్టడం, వల వేయడం, చివరికి వేసిన బాణం తగలకపోయినా ఆ ప్రయత్నం, అన్నీ వేటే. 2022 సవరణ తర్వాత షెడ్యూల్ 1 జంతువు విషయంలో మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా 25 వేలకి తగ్గదు. మిగతా వాటికి మూడేళ్ళ దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

మీరు ఖర్చు అడిగారు కాబట్టి ఖర్చు లెక్కలోనే చెప్తాను. నేరానికి వాడిన ఆయుధం, వాహనం పట్టుబడితే ప్రభుత్వ ఆస్తి అవుతాయి. విల్లు ధరకి కారు ధర కలుపుకోండి.

బెజవాడ_భార్గవ | ఆదివారం, రాత్రి 10:20

అర్థమైందండీ, ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను. కారు కూడా నాన్నది.

గుంటూరు_మిర్చి | ఆదివారం, రాత్రి 10:34

రేంజర్ గారూ, ఒక నిజమైన ప్రశ్న. మాది మాచర్ల దగ్గర పొలం. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకి పందులు దిగుతాయి, ఒక్క రాత్రిలో అర ఎకరం దొర్లించి పోతాయి. రైతు ఏం చేయాలి? చట్టం పుస్తకం పట్టుకుని గట్టు మీద కూచోవాలా?

తెనాలి_రేంజర్ | ఆదివారం, రాత్రి 10:58

కోపం న్యాయమైనదే. సెక్షన్ 11లో దారి ఉంది. పంటకి గానీ మనుషులకి గానీ ప్రమాదంగా మారిన షెడ్యూల్ 2 జంతువు విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. రైతు తనంతట తాను చేయడానికి లేదు. పంట నష్టం జరిగితే ముందు ఫొటోలు తీసి, రెవెన్యూ వాళ్ళతో నష్టం రాయించి అర్జీ పెట్టండి. దయచేసి కరెంటు తీగలు మాత్రం పెట్టొద్దు. రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన పక్క పొలం రైతు పోతాడు.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 7:15

పందుల సమస్య మీద వ్యవసాయం విభాగంలో వేరే చర్చ నడుస్తోంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఖర్చుల మీదే ఉందాం. మన రాష్ట్రంలో వేట గురించి ఎవరైనా "చిట్కాలు" రాస్తే తీసేస్తాను.

పటమట_నాన్న | సోమవారం, ఉదయం 8:40

మా అమ్మాయి రికర్వ్ (చక్రాలు లేకుండా, కొసలు ముందుకి వంగి ఉండే ఒలింపిక్స్ విల్లు) ఆడుతుంది. ఈ ఊళ్ళో విలువిద్య అంటే ఏంటో, దానికి ఇంట్లో ఎంత ఖాళీ అవుతుందో నాకు బాగా తెలుసు.

ముందు మంచి మాట. నువ్వు పుట్టిన ఊరు దీనికి దేశంలోనే మంచి ఊరు. జ్యోతి సురేఖ ఇక్కడి అమ్మాయే. చిన్నప్పుడు కృష్ణలో ఈది లిమ్కా రికార్డు కొట్టి, తర్వాత విల్లు పట్టి, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ కూడా మనవాడే. పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీములో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. ఇద్దరూ ఇక్కడి వోల్గా అకాడమీలో నేర్చుకున్నవాళ్ళే. కోచ్ కోసం వేరే రాష్ట్రం నుంచి పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ గది అద్దెకి తీసుకునే తల్లిదండ్రుల్ని చూశాను. నీకు ఇంటి నుంచి స్కూటీ మీద పోతే సరిపోతుంది.

ఇప్పుడు ఖర్చు. పిల్లల్ని మొదట ఇండియన్ రౌండ్‌లో పెడతారు. వెదురు విల్లు, కొయ్య బాణాలు, 50 మీటర్లు, 30 మీటర్లు. సెట్టంతా ఐదు నుంచి ఎనిమిది వేలలో అయిపోతుంది. అక్కడితో ఆగితే ఎంత బాగుండు. రికర్వ్‌కి మారగానే మీటరు తిరగడం మొదలు. నేర్చుకునే సెట్టు 15, 20 వేలు. పోటీలకి వెళ్ళే సెట్టు అంటే మధ్యలో పట్టుకునే రైజర్ వేరే, పైనా కిందా వంగే లింబ్స్ వేరే, గురి చూసే సైట్ వేరే, విల్లు ఊగకుండా ఉంచే స్టెబిలైజర్ వేరే, ప్లంజర్, క్లిక్కర్, వేళ్ళకి తొడిగే ట్యాబ్, చెస్ట్ గార్డ్, అన్నీ విడివిడిగా కొనాలి. అంతా కలిపితే రెండున్నర, మూడు లక్షలు. ఈస్టన్ ఎక్స్10 బాణాలు డజను 40 వేలు దాటుతాయి. బాణం వెనకాల బాణం దిగితే చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు. నేను మాత్రం "పోయాయి మూడు వేల చిల్లర" అనుకుంటూ నవ్వుతాను.

బాణం గడ్డిలోకి జారిపోతే వెతకడానికి మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతాం. చూసినవాళ్ళు మైదానంలో బంగారం ఉందనుకుంటారు.

ఇంకా పిల్ల పెరుగుతుంటే బలం పెరుగుతుంది, బలం పెరిగితే లింబ్స్ మార్చాలి, లింబ్స్ మారితే బాణాలు మార్చాలి. దుకాణంలో ఎవరూ ముందు చెప్పని ఖర్చు ఇదే. తర్వాత పోటీల ప్రయాణాలు. విల్లు పెట్టె స్లీపర్ బెర్తు కింద పట్టదు, టీసీకి ప్రతిసారీ లోపల తుపాకీ లేదని విప్పి చూపించాలి.

నీ లక్షన్నర ఒక విల్లుకే పెట్టకు. ఇదే నా సలహా.

శ్రీలత_బాణం | సోమవారం, ఉదయం 11:02

యూనివర్సిటీ తరఫున ఆడాను, ఇప్పుడు సాయంత్రాలు చిన్నపిల్లలకి నేర్పిస్తున్నాను. పటమట నాన్నగారు చెప్పిన ప్రతి అంకె నిజమే, కానీ అది పోటీల ఖర్చు అంకుల్. భార్గవ గారు 70 మీటర్ల దూరం నుంచి పసుపు వలయం కొట్టక్కర్లేదు. ఆయనకి కావలసింది వేరు, దాని ఖర్చు కూడా వేరు.

ముందు ఆ 18 వేల విల్లు. వద్దు. పేరు తెలియని కంపెనీ అనే కాదు. 70 పౌండ్లు అని గొప్పగా రాశారు కదా, అదే అసలు సమస్య. విల్లు పూర్తిగా లాగడానికి కావలసిన బలం పౌండ్లలో చెప్తారు. కబడ్డీ ఆడిన భుజాలైనా సరే, కొత్తగా పట్టినవాడు 70 లాగాలంటే చేయి ఆకాశం వైపు ఎత్తి, నడుము తిప్పి, పళ్ళు కొరికి లాగుతాడు. ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించడానికి ఏ కోచ్‌కైనా ఏడుపొస్తుంది. భుజం నొప్పి దానికి అదనం. పోటీల్లో కాంపౌండ్‌కి గరిష్ఠ పరిమితే 60 పౌండ్లు. ప్రపంచ స్థాయి వాళ్ళు ఆడేదే ఆ లోపల. జింకకి 45, 50 పౌండ్లు బాగా సరిపోతాయని అక్కడి వేటగాళ్ళే చెప్తారు.

రెండోది డ్రా లెంగ్త్, అంటే మీరు తీగని వెనక్కి ఎంత దూరం లాగుతారో ఆ కొలత. చేతులు రెండూ బార్లా చాపి, వేలి కొస నుంచి వేలి కొస దాకా అంగుళాల్లో కొలిచి, దాన్ని రెండున్నరతో భాగించండి. దాదాపుగా అదే మీ డ్రా లెంగ్త్. రికర్వ్‌లో అది అటూ ఇటూ అయినా నడుస్తుంది. కాంపౌండ్‌లో మాత్రం చక్రాల దగ్గర ఒక గోడ తగిలి ఆగిపోతుంది, మీ కొలతకి అమర్చకపోతే ఆ విల్లు మీది కానట్టే. ఇది ఆన్‌లైన్ బొమ్మ చూసి కొనే వస్తువు కాదు, ఒంటికి కొలిచి కొనాలి.

బెజవాడ_భార్గవ | సోమవారం, మధ్యాహ్నం 1:25

ఆఫీసులో చేతులు చాపి కొలిపించుకున్నాను, మేనేజరు వింతగా చూశాడు. 69 అంగుళాలు. అంటే 27.6.

మరైతే మంచి కంపెనీ కాంపౌండే ఇక్కడ కొనేయనా? నేర్చుకునేది, వేటాడేది ఒకే విల్లు అయితే మంచిది కదా?

డల్లాస్_సుబ్బారావు | సోమవారం, రాత్రి 8:50

మీ బావని నేను చూసే ఉంటాను, ఇక్కడ విల్లు పట్టే తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నాం. సొంతూరు గుడివాడ.

ఇక్కడ కొను. ఇంకో ఆలోచన వద్దు. డైమండ్ ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో లాంటి విల్లు 5 నుంచి 70 పౌండ్ల దాకా, డ్రా లెంగ్త్ 13 నుంచి 31 అంగుళాల దాకా తిప్పుకోవచ్చు. సైట్, బాణం ఆనించే రెస్ట్, బాణాలు పెట్టుకునే క్వివర్ అన్నీ బిగించి 400 నుంచి 550 డాలర్లు. అదే సెట్టు ఓడెక్కి, సుంకం కట్టి బెజవాడ చేరేసరికి దాదాపు రెట్టింపు చెప్తారు. ఇక్కడ దుకాణంలో కొంటే కొలత అమర్చి, సైట్ సరిచేసి, పక్కనే ఉన్న రేంజ్‌లో నిన్ను నిలబెట్టి వేయిస్తారు. ఆ సేవ అక్కడ కొన్న విల్లుకి ఇక్కడ ఎవడు చేస్తాడు?

మీ బావ చేతిలో 1300 డాలర్ల మాథ్యూస్ ఉందేమో. దాన్ని చూసి నోరూరొద్దు. 20 గజాల దూరంలో నిలబడ్డ జింకకి ఆ తేడా తెలియదు.

విల్లు తర్వాత చిల్లర మొదలవుతుంది. వేలితో కాకుండా ట్రిగ్గరుతో తీగ వదిలే రిలీజ్ 50 నుంచి 100 డాలర్లు. కార్బన్ బాణాలు డజను 70 నుంచి 120. వేటకి వాడే బ్లేడ్ల మొనలు మూడింటికి 40 అటూ ఇటూ. ఇంటి వెనక ప్రాక్టీసుకి ఫోమ్ టార్గెట్ వంద. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఇంకో వంద, నూట యాభై. చెట్టు మీద కూర్చునే స్టాండు కూడా అంతే. స్టాండుతో పాటు నడుముకీ భుజాలకీ కట్టుకునే జీను లాంటి హార్నెస్ వస్తుంది. అది మూల పడేసి ఎక్కేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సరదాలో మనుషులు దెబ్బలు తినేది బాణంతో కాదు, చెట్టు మీంచి పడి.

మొత్తం వెయ్యి డాలర్ల దాకా అనుకో. బట్టలకి డబ్బు తగలేయకు. ఆకుల బొమ్మల చొక్కా అందం వేటగాడి సెల్ఫీకి, జింకకి కాదు. జింక చూసేది కదలికని, పట్టేది వాసనని.

డల్లాస్_సుబ్బారావు | సోమవారం, రాత్రి 9:20

లైసెన్సు సంగతి మర్చిపోయా, అసలు మెలిక అక్కడే ఉంది.

టెక్సస్‌లో కనీసం ఆరు నెలలు వరసగా ఉంటేనే రెసిడెంట్ లెక్కలోకి వస్తావు. రెసిడెంట్‌కి వేట లైసెన్సు 25 డాలర్లు. బయటివాడికి, తెల్లతోక జింక కొట్టాలంటే, 315. విల్లు సీజనులో వేయాలంటే ఇద్దరికీ ఆర్చరీ ఎండార్స్‌మెంట్ ఇంకో 7. నువ్వు ఆగస్టులో దిగుతావు, విల్లు సీజను సెప్టెంబరు చివర్లో మొదలై అక్టోబరంతా ఉంటుంది. అంటే మొదటి ఏడాది నువ్వు బయటివాడివే. ఒక జింక కోసం 322 డాలర్లు కడతావా, వచ్చే ఏడాది దాకా ఆగి 32 కడతావా? నేనైతే ఆగుతాను.

ఆగినంత మాత్రాన ఖాళీగా ఉండక్కర్లేదు. ఇక్కడ ఊరపందులు అడవి పట్టి లక్షల్లో పెరిగిపోయాయి, పొలాలు తవ్వేస్తాయి. 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే వాటిని వేటాడటానికి లైసెన్సే అక్కర్లేదు. గుంటూరు మిర్చి గారికి ఇది చదివితే ఈర్ష్య పుడుతుందని తెలుసు.

1971 సెప్టెంబరు 2, ఆ తర్వాత పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. విమానం ఎక్కే ముందే చదువుకో, ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ.

గుంటూరు_మిర్చి | సోమవారం, రాత్రి 9:44

ఈర్ష్య కాదు సుబ్బారావన్నా, కడుపుమంట. అక్కడి పందికి యజమాని ఒప్పుకుంటే చాలు. మా పందికి చీఫ్ వార్డెన్ ఒప్పుకోవాలి.

తెనాలి_రేంజర్ | సోమవారం, రాత్రి 9:59

తేడా ఏంటంటే, అక్కడివి మనుషులు తెచ్చి వదిలిన పెంపుడు పందుల సంతతి, ఆ నేలకి పరాయివి. మన అడవిపంది ఈ నేలది, పులికీ చిరుతకీ ఆహారం. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో పందులు తగ్గితే పులి మీ గేదెల వైపు చూస్తుంది.

కృష్ణలంక_కుర్రోడు | మంగళవారం, ఉదయం 6:50

నాకు వేట వద్దు, సరదాకి మేడ మీద వేసుకుంటా. ఆ 18 వేలది కాకుండా 4 వేలకి ఒకటి ఉంది. బాణాలు మా తాతయ్య ఊళ్ళో వెదురుతో చేయిస్తా. ఓకేనా అక్కా?

శ్రీలత_బాణం | మంగళవారం, ఉదయం 7:30

ఓకే కాదు తమ్ముడూ. అస్సలు కాదు.

కాంపౌండ్ మీద వెదురు, కొయ్య బాణాలు ఎప్పుడూ పెట్టకూడదు. తీగ వదిలిన క్షణంలో ఆ తోపుకి బాణం వంగి ముక్కలవుతుంది, ముక్కలు ముందు చేతిలో దిగుతాయి. బాణం ఎంత గట్టిగా ఉండాలో దాన్ని స్పైన్ అంటారు, పౌండ్లు పెరిగేకొద్దీ గట్టి బాణం కావాలి. కార్బన్ బాణమైనా ప్రతిసారీ రెండు కొసలూ పట్టుకుని మెల్లగా వంచి, చెవి దగ్గర పెట్టి వినాలి. చిటపటమని చప్పుడు వస్తే విరిచి చెత్తబుట్టలో వేయాలి.

బాణం పెట్టకుండా లాగి వదలడం ఇంకో పెద్ద పాపం. బాణానికి పోవాల్సిన శక్తంతా విల్లులోకే తిరిగొస్తుంది, తీగ తెగొచ్చు, లింబ్ చీలొచ్చు. ఇంటికొచ్చిన చుట్టాలకి విల్లు ఇవ్వకూడదనేది ఇందుకే. మేనమామ "ఏదీ చూద్దాం" అని లాగి వదిలేస్తాడు, 60 వేలు పోతాయి.

మన ఊరి ఎండ సంగతి కూడా రాస్తాను, ఇది ఇంకెక్కడా రాసి ఉండదు. మే నెలలో కారు డిక్కీలో విల్లు వదిలి బీసెంట్ రోడ్డులో షాపింగుకి వెళ్ళొద్దు. లింబ్స్ పొరలు అతికించిన జిగురు వేడికి వదులవుతుంది, తీగ సాగుతుంది, బాణం చివర ఈకలు అంటే ప్లాస్టిక్ వేన్లు ఊడతాయి. విల్లు మనం ఉండే గదిలోనే ఉండాలి.

ఇక మేడ మీద వద్దు. తప్పిన బాణం పక్క మేడ మీద బట్టలారేసే పిన్నిగారి దాకా పోతుంది. నేర్చుకోవాలనుంటే అకాడమీకి రా.

అహింస_అనూరాధ | మంగళవారం, ఉదయం 10:10

ఒక మూగజీవాన్ని చంపడానికి ఇంత డబ్బు, ఇన్ని లెక్కలు! చదవడానికే బాధగా ఉంది. విలువిద్య నేర్చుకోండి, గురి పెట్టుకోండి, కానీ ప్రాణం తీయడం సరదా ఎలా అవుతుంది?

డల్లాస్_సుబ్బారావు | మంగళవారం, రాత్రి 8:15

అనూరాధ గారూ, మీతో వాదించను. నా భార్యది కూడా మీ మాటే, ఆ మాంసం మా ఇంట్లో నేనూ పిల్లలే తింటాం.

ఒక్క విషయం మాత్రం ఖర్చు లెక్కలోనిదే. ఇక్కడ ప్రతి వేట విల్లు ధరలోనూ తయారీదారు ప్రభుత్వానికి కట్టే 11 శాతం పన్ను ఉంటుంది. పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం అని 1937లో తెచ్చారు, అప్పుడు తుపాకులకి, తూటాలకి మాత్రమే. విల్లు, బాణాల్ని 1972లో అందులో చేర్చారు. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పోతుంది. అదే 1972లో మన దగ్గర రేంజర్ గారు చెప్పిన చట్టం వచ్చింది. ఒక దేశం వేటగాడి దగ్గర డబ్బు తీసుకుని అడవిని కాపాడుకుంది, ఇంకో దేశం వేటనే ఆపేసింది. రెండు చోట్లా మంద ఎంత మిగిలింది, అడవి ఎంత మిగిలింది అన్నది చూసి చేసిన పనులే.

అహింస_అనూరాధ | మంగళవారం, రాత్రి 8:40

పన్ను కట్టినంత మాత్రాన ఒప్పయిపోదు. అయినా సభ్యతగా సమాధానం చెప్పారు, థాంక్స్.

బెజవాడ_భార్గవ | మంగళవారం, రాత్రి 9:05

సుబ్బారావు గారూ, అక్కడ భూమి సంగతేంటి? బావ "లీజు" అన్నాడు, ఫోనులో సరిగ్గా అర్థం కాలేదు.

డల్లాస్_సుబ్బారావు | మంగళవారం, రాత్రి 9:48

విల్లు కంటే పెద్ద ఖర్చు అదే. టెక్సస్‌లో నేలంతా దాదాపుగా ప్రైవేటు వాళ్ళదే. ఎవరి పొలంలోనైనా వేటాడాలంటే ఏడాదికి ఇంత అని లీజు కట్టాలి. వెయ్యి డాలర్ల నుంచి మొదలై పైకి ఎంతైనా పోతుంది. నలుగురైదుగురు కలిసి పంచుకుంటారు. మీ బావకి ఇప్పటికే లీజు ఉంటే, అతిథిగా తీసుకెళ్ళొచ్చో లేదో యజమానితో మాట్లాడి చెప్పమను. అది ఉచితమైతే నీ అంత అదృష్టవంతుడు లేడు. లేకపోతే ప్రభుత్వ వేట భూములకి ఏడాది పర్మిట్ 48 డాలర్లు. కాకపోతే అక్కడ జింకల కంటే మనుషులు ఎక్కువ కనిపిస్తారు.

కొట్టాక కూడా ఖర్చుంది. కోసి, శుభ్రం చేసి, పొట్లాలు కట్టి ఇచ్చే దుకాణాలు నూట యాభై డాలర్లు అటూ ఇటూ తీసుకుంటాయి. నేను నా గ్యారేజీలోనే కోసుకుంటాను. ఫ్రీజరు లేకపోతే అది కూడా కొనాలి.

వీసా మీద వచ్చేవాడివి కాబట్టి ఇంకో మాట. తుపాకీ విషయంలో వీసావాళ్ళకి ఫెడరల్ చట్టంలో అడ్డంకులు ఉన్నాయి, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు అనీ, ఇదనీ అదనీ. విల్లు ఫైరార్మ్ కిందకి రాదు. మనవాళ్ళు కొందరు విల్లు వైపు రావడానికి ఇదీ ఒక కారణం.

చివరిగా గురి గురించి. ప్రాక్టీసులో 40 గజాల నుంచి పళ్ళెం సైజులో అన్ని బాణాలూ వేయగలిగితేనే అడవిలో 20 గజాల జింక మీద వెయ్. అక్కడ గుండె దడదడలాడుతుంది, చేయి వణుకుతుంది, నీ గురిలో సగం దానికే పోతుంది. గాయపడి పారిపోయిన జింకని రాత్రంతా నెత్తుటి చుక్కలు పట్టుకుని వెతకడం కంటే నరకం లేదు.

పటమట_నాన్న | బుధవారం, ఉదయం 7:20

ఈ మాట బాగుంది సుబ్బారావు గారూ. దీనికోసమైనా ఇక్కడ నాలుగు నెలలు కోచ్ దగ్గర కూర్చోవాలి.

కానీ శ్రీలతమ్మా, ఒక్క సందేహం. అక్కడ ఆయన వాడేది కాంపౌండ్. ఇక్కడ రికర్వ్ మీద నేర్చుకుంటే ఏం లాభం? అకాడమీలో ఎవరి దగ్గరైనా పాత కాంపౌండ్ అడిగి చూడొచ్చు కదా.

శ్రీలత_బాణం | బుధవారం, ఉదయం 9:15

అడగొచ్చు అంకుల్, కానీ పోటీల కాంపౌండ్ వేటకి పనికిరాదు. ఇరుసు నుంచి ఇరుసుకి 37, 38 అంగుళాలు, ముందు బారెడు స్టెబిలైజర్. చెట్టు మీద కొమ్మల మధ్య అది పట్టుకుని కూర్చోలేరు. వేట విల్లు 30 అంగుళాల చుట్టూ ఉంటుంది. పైగా లక్షలు పోసి కొన్న విల్లుని ఎవరూ కొత్తవాడి చేతికి ఇవ్వరు, నేనైతే ఇవ్వను.

రికర్వ్ ఎందుకంటే అది అబద్ధం చెప్పదు. కాంపౌండ్‌లో పూర్తిగా లాగాక 80 శాతం బరువు తగ్గిపోతుంది. 50 పౌండ్ల విల్లుని పట్టి ఉంచడానికి 10 పౌండ్లు చాలు. రికర్వ్‌లో 24 పౌండ్లంటే వదిలేదాకా 24 మోయాలి. వీపు కండరాలతో లాగుతున్నారా, చేత్తో లాగుతున్నారా అన్నది వెంటనే బయటపడుతుంది. నిలబడే తీరు, భుజం, గవద దగ్గర చేయి ఆనించే చోటు, వదిలాక చేయి కదలకపోవడం, ఇవన్నీ రెండింటికీ ఒకటే. అవి వచ్చినవాడు డల్లాస్ దుకాణంలో వారం రోజుల్లో కాంపౌండ్‌కి అలవాటు పడతాడు. అవి లేకుండా కాంపౌండ్ పట్టినవాడికి ట్రిగ్గరు నొక్కడమే వస్తుంది.

బెజవాడ_భార్గవ | బుధవారం, రాత్రి 9:30

అందరూ చెప్పింది కలిపి లెక్క వేసుకున్నాను, చూసి చెప్పండి.

ఇక్కడ: కోచింగు ఫీజు నెలకి 3 వేల చొప్పున నాలుగు నెలలు, 12 వేలు. ట్యాబ్, ఆర్మ్ గార్డ్, చెస్ట్ గార్డ్ కలిపి 3 వేలు. విల్లు అకాడమీది. బాణాలు సొంతంగా అరడజను, 4 వేలు. మొత్తం 19 వేలు, అంటే దాదాపు ఆ ఆన్‌లైన్ విల్లు ధరే.

అక్కడ: విల్లు, బాణాలు, మిగతా సరంజామా వెయ్యి డాలర్లు, అంటే 85, 90 వేలు. మొదటి ఏడాది పందులు మాత్రమే, కాబట్టి లైసెన్సు లేదు. లీజు సంగతి బావని అడిగాను, భూమి యజమాని పందుల వరకు ఒప్పుకున్నాడట. రెండో ఏడాది 32 డాలర్లు.

లక్షన్నరలో ఇంకా కొంత మిగులుతోంది. ఆ మిగిలిందాంతో విల్లు ఇంకొంచెం మంచిది కొననా?

డల్లాస్_సుబ్బారావు | బుధవారం, రాత్రి 10:02

వద్దు. మిగిలింది అలా ఉంచు. మొదటి సీజనులో రెండు మూడు బాణాలు రాళ్ళకి తగిలి పోతాయి, మొనలు పోతాయి. రెండేళ్ళకో మూడేళ్ళకో తీగలు మార్చాలి, అదో నూరు డాలర్ల పైన. బూట్లు మాత్రం మంచివి కొను, టెక్సస్ గడ్డిలో పాములున్నాయి. ఇంకా డబ్బు మిగిలితే మీ అక్కకి ఏమైనా పట్టుకెళ్ళు, వేటకి బావని వదిలేది ఆవిడే.

శ్రీలత_బాణం | బుధవారం, రాత్రి 10:15

లెక్క బాగుంది, ఒక్క మార్పు. అరడజను చాలదు, మొదటి నెలలోనే టార్గెట్ చట్రానికి తగిలి రెండు పోతాయి. డజను తీసుకోండి. కోచ్ మీ డ్రా లెంగ్త్ చూసి స్పైన్ చెప్పేదాకా కొనకండి. చెస్ట్ గార్డ్ కూడా ఇప్పుడే వద్దు, చొక్కా టైటుగా వేసుకుని రండి చాలు.

పటమట_నాన్న | గురువారం, ఉదయం 6:40

బాబూ, మా అమ్మాయి దాటేసిన 24 పౌండ్ల లింబ్స్, పాత రైజర్ అటక మీద ఉన్నాయి. అకాడమీ విల్లు కోసం వరసలో నిలబడటం ఎందుకు? ఆగస్టు దాకా వాడుకుని తిరిగి ఇచ్చెయ్. డబ్బులేం వద్దు. తీగ మాత్రం పాతదైపోయింది, కొత్తది నువ్వు వేయించుకో. 68 అంగుళాల విల్లు అని చెప్పి అడుగు.

బెజవాడ_భార్గవ | గురువారం, ఉదయం 7:05

చాలా థాంక్స్ అండీ! ప్రైవేటు మెసేజ్ పెట్టాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.

గుంటూరు_మిర్చి | గురువారం, ఉదయం 7:22

అటక మీంచి దించాక చుట్టాలెవరికీ చూపించకు అబ్బాయ్, ముఖ్యంగా మేనమామలకి.

శ్రీలత_బాణం | గురువారం, ఉదయం 7:40

అంకుల్, ఇచ్చే ముందు లింబ్స్ చివర పగుళ్ళున్నాయేమో దూదితో రుద్ది చూడండి. పోగులు పట్టుకుంటే ఇవ్వొద్దు. భార్గవ గారూ, తీగతో పాటు మైనం, స్ట్రింగర్ (విల్లుని వంచి తీగ ఎక్కించే తాడు) కూడా కొనండి, స్ట్రింగర్ లేకుండా తీగ ఎక్కించే ప్రయత్నం చేయకండి, లింబ్ మెలితిరుగుతుంది. కృష్ణలంక తమ్ముడూ, నువ్వు కూడా శనివారం సాయంత్రం ఐదున్నరకి వచ్చెయ్. చెప్పులతో కాదు, బూట్లతో.

కృష్ణలంక_కుర్రోడు | గురువారం, ఉదయం 7:58

వస్తా అక్కా. ఫీజు ఎంతో అమ్మ అడుగుతోంది.